ఒంట్లోని దారుల పటం, వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర



కీళ్లవాతానికి వైద్యులు మెథోట్రెక్సేట్ మాత్ర రాసి, "వారానికి ఒక్కరోజే వేసుకోవాలి" అని చెబుతారు. తోడుగా ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా ఇస్తారు. "నొప్పి రోజూ ఉంటే మందు వారానికోసారి ఏమిటి? ఈ రెండో బిళ్ళ దేనికి?" అని చాలామందికి సందేహం. దీనికి జవాబు ఒక పటంలో కనిపిస్తుంది.

ఏమిటీ పటం?

మనం తిన్న ఆహారం ఒంట్లో అంచెలంచెలుగా మారుతుంది. ఒక్కొక్క మార్పును ఒక్కొక్క ఎంజైమ్ చేస్తుంది. ఈ వరుసను జీవరసాయన మార్గం అంటారు. పూర్వం వీటిని పెద్ద గోడపటాలుగా అచ్చువేసేవారు. 1995లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 'కెగ్' అనే కంప్యూటర్ పటాల సంపుటి మొదలైంది. తరువాత 'రియాక్టోమ్' వచ్చింది. ఇది ఉచితం. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచి, కావలసిన దారిని పెద్దదిగా చేసి, ఒక అంచె మీద నొక్కితే అక్కడ ఏమి జరుగుతుందో వివరం వస్తుంది.

ఆ పటంలో మన గోదావరి బిడ్డ

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన ఘనత ఆయన బృందానిది. దానిలాగే కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగించి, 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

రేవు, వంతెన

పటంలో ఫోలిక్ ఆసిడ్ దారి చూడండి. అది ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారాలంటే ఒక ఎంజైమ్ అనే రేవు దాటాలి. కొత్త కణాలు పుట్టడానికి ఆ రూపం అవసరం. మెథోట్రెక్సేట్ ఆ రేవును మూస్తుంది. తక్కువ మోతాదులో వారానికోసారి వాడితే కీళ్ల వాపు తగ్గుతుంది. మందు కణాల్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కనుక అది చాలు. రోజూ వేసుకుంటే రేవు పూర్తిగా మూతపడి, త్వరగా పుట్టవలసిన రక్తకణాలు, నోటి లోపలి పొర దెబ్బతింటాయి. ప్రాణాపాయం కూడా.

ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఈ దుష్ఫలితాలను తగ్గిస్తుంది. మోతాదు మించిపోతే ఆసుపత్రిలో ల్యూకోవోరిన్ ఇస్తారు. కోటిపల్లి రేవులో పంటు ఆగితే మనం ఎదుర్లంక వంతెన మీదుగా యానాం చేరినట్లు, ఆ మందు మూసిన రేవుతో పనిలేకుండా అవతలి ఒడ్డుకు చేరుతుంది.

గుర్తుంచుకోండి

1. మాత్ర వేసుకునే వారాన్ని చీటీ మీద రాయించుకోండి. ఇంట్లో మరొకరికి కూడా చెప్పండి.

2. కోట్రైమోక్సజోల్ మాత్రలు సొంతంగా కొని వాడవద్దు. అవి కూడా ఇదే దారికి అడ్డుపడతాయి.

3. గర్భిణులు, గర్భం కోరేవారు ముందే వైద్యులకు చెప్పాలి. మద్యం మానాలి.

4. నోటిపూత, జ్వరం, రక్తస్రావం, ఆయాసం కనిపిస్తే, లేదా పొరపాటున రోజూ వేసుకుంటే, వెంటనే ఆసుపత్రికి రండి. మాత్రల అట్ట వెంట తెచ్చుకోండి.

5. చెప్పిన గడువుకు రక్తపరీక్ష తప్పక చేయించుకోండి.