పాత ఫొటోషాప్‌ మొరాయిస్తోందా? అదే మీకు ఇంటర్వ్యూ!

డిగ్రీ అయిపోయింది. మందమర్రి మార్కెట్‌లో ఏ ఫొటో స్టూడియోకో, ఫ్లెక్సీ షాపుకో పని అడగడానికి వెళ్లారనుకోండి. యజమాని బయోడేటా చూడడు. కుర్చీ చూపించి ‘తమ్మీ, కొత్త సిస్టం కొన్న. పాత ఫొటోషాప్‌ నడుస్తలేదు. రేపు ఒకాయన గనిలకెళ్లి రిటైర్‌ అయితున్నడు, ఫ్లెక్సీ ఇయ్యాలె. జర చూడు’ అంటాడు. పరీక్ష మొదలైపోయినట్టే!

2002లో వచ్చిన ఫొటోషాప్‌ 7, 2001 నాటి పేజ్‌మేకర్‌ 7, వాటితో అను ఫాంట్లు... వీటి మీదే చేయి తిరిగినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టం మార్చి విండోస్‌ 11కి వచ్చినవాళ్లకు ఈ తిప్పలు తప్పవు. తీర్చడం తెలిస్తే మీకది అవకాశం.

ముందు ఇది చేయండి

దేన్నీ ముట్టుకోకముందే పీఎస్‌డీ ఫైళ్లు, ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తెర మీద వచ్చిన ఎర్రర్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ఏ జబ్బుకు ఏ మందు?

స్క్రాచ్‌ ఫైల్‌ లాక్‌ అయిందంటే: ఎక్స్‌పీ కాలంలో ప్రోగ్రాములు సి డ్రైవ్‌లో ఇష్టమొచ్చినట్టు రాసుకునేవి. విస్టా నుంచి దానికి కాపలా పెట్టారు. ఐకాన్‌ మీద రైట్‌ క్లిక్‌ చేసి ‘రన్‌ యాజ్‌ అడ్మినిస్ట్రేటర్‌’ ఇవ్వండి.

తెరుచుకుంటూనే ఆగిపోతే: కంట్రోల్‌, ఆల్ట్‌, షిఫ్ట్‌ మూడూ నొక్కి పట్టుకుని తెరవండి. సెట్టింగ్స్‌ తీసేయాలా అని అడుగుతుంది. ఓనర్‌ను అడిగాకే ‘యస్‌’ అనండి. ఆయన పెట్టుకున్న సెట్టింగులు పోతాయి మరి. అప్పటికీ కాకపోతే ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌ తెరిచి పాత విండోస్‌ మోడ్‌ ఎంచుకోండి.

మెనూలు చీమల్లా కనిపిస్తే: అదే ట్యాబ్‌లో హై డీపీఐ సెట్టింగ్స్‌కు వెళ్లి, స్కేలింగ్‌ను ‘సిస్టం’కు వదలండి.

ఫాంట్‌ వేసినా జాబితాలో లేకపోతే: ఇప్పటి విండోస్‌ మామూలుగా ఫాంట్‌ను ఆ ఒక్క యూజర్‌ ఫోల్డర్‌లోనే పెడుతుంది. పాత ప్రోగ్రాములు అక్కడ వెతకవు. ఫాంట్‌ ఫైల్‌పై రైట్‌ క్లిక్‌ చేసి ‘ఇన్‌స్టాల్‌ ఫర్‌ ఆల్‌ యూజర్స్‌’ ఇవ్వండి. ఆ మాట కనిపించకపోతే ‘షో మోర్‌ ఆప్షన్స్‌’లో చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన తెలుగు పేరు పేస్ట్‌ చేస్తే వత్తులు విడిపోతే: అది యూనికోడ్‌. ఫొటోషాప్‌ 7కి ఆ కూర్పు రాదు. అను ఫాంట్‌లో మళ్లీ టైప్‌ చేయాల్సిందే.

ఇన్‌స్టాలరే కదలకపోతే: విండోస్‌ 11లో 64 బిట్‌ మాత్రమే ఉంది. విండోస్‌ 95 నాటి 16 బిట్‌ ప్రోగ్రాములు దాని మీద నడవవు. కుస్తీ పట్టకండి.

‘కాదు’ అనడమూ పనితనమే

‘క్రాక్‌ వెయ్యి తమ్మీ’ అంటే ఒప్పుకోకండి. చట్టవిరుద్ధం కావడం ఒకటి. దాంతోపాటు వైరస్‌ వచ్చి షాపులోని పెళ్లి ఫొటోలన్నీ పోతే మాట పడేది మీరే. అసలు సీడీ, సీరియల్‌ నంబర్‌ లేకపోతే ఉచితంగా దొరికే జింప్‌ చూపించండి. పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, యూనికోడ్‌ తెలుగూ సరిగ్గా చూపిస్తుంది. కొన్ని లేయర్‌ ఎఫెక్టులు మాత్రం మారొచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి.

హైదరాబాద్‌లో డెస్క్‌టాప్‌ సపోర్ట్‌ ఉద్యోగానికి వెళ్లినా అడిగేది ఇలాంటివే. సమస్య ఎప్పుడు మొదలైంది? అంతకుముందు ఏం మారింది? మీరు ఏం చేశారు? మందమర్రి షాపులో బాగుచేసిన ప్రతి సిస్టం గురించి ఒక నోటుబుక్కులో ఈ మూడూ రాసి పెట్టుకోండి. ‘అనుభవం ఉందా?’ అన్న ప్రశ్నకు ఆ పుస్తకం తెరిచి చూపించొచ్చు.