బాయిలరుకు వేసవి సెలవులు

శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందంటారు. చలితోపాటు పెరట్లోని రాగి బాయిలరుకు కూడా పని పోతుంది. గోదావరి జిల్లాల్లో ఉగాది దాటాక వేన్నీళ్ళు అడిగేది ఎవరు? బాలింతలూ, పసివాళ్ళూ, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళూ తప్ప. గీజర్లు వచ్చి చాలా ఇళ్ళలో బాయిలరును అటక ఎక్కించాయి గాని, కొబ్బరి డొక్కలకు కొదవలేని ఇళ్ళలో అది ఇంకా పెరట్లో నిలబడే ఉంది. ఉగాది నుంచి నరకచతుర్దశి తెల్లవారుజాము దాకా దాని మొహం చూసేవారుండరు. విచిత్రమేమంటే, మండినన్నాళ్ళూ బాగానే ఉండే బాయిలరు ఈ ఏడు నెలల్లోనే పాడవుతుంది.

మా ఇంట ఒక ఏడు అదే జరిగింది. కొత్త అల్లుడుగారు తొలి దీపావళికి వచ్చారు. తలంటుకని నాలుగింటికే లేచి డొక్కలు ముట్టించాము. లోపల నిరుటి నీళ్ళున్నాయనుకొన్నాము. అవి ఎప్పుడో ఆరిపోయాయి. కాసేపటికి మాటు కరిగి చుక్కలు చుక్కలుగా బూడిదలో పడింది. అల్లుడుగారికి పొయ్యిమీద గుండిగలో కాచి పోయవలసి వచ్చింది.

రాగి కరగడానికి 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అతుకులకు పోసే సీసం, తగరం కలిసిన మాటు మాత్రం 200 డిగ్రీలు రాకముందే కరగనారంభిస్తుంది. నీళ్ళున్నంతసేపు భయం లేదు. మూత వదులుగా ఉన్న పాత్రలో నీరు 100 డిగ్రీలు దాటదు గనుక మాటు నిలుస్తుంది. నీళ్ళు లేకపోతే నిలవదు.

ఆవిరి ఒత్తిడితో నడిచే మిల్లు బాయిలర్ల తనిఖీకి 1923లోనే చట్టం వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలలో చెరకు గానుగ ముగియగానే వాటిని విప్పి, గొట్టాలు తోమి, మరమ్మతు చేస్తారు. మన పెరటి బాయిలరుకు ఏ ఇనస్పెక్టరూ రాడు. ఆ ఉద్యోగం ఇల్లాలిదే. ఇంటాయనకూ కొంత వాటా ఇవ్వవచ్చును.

ముందు బూడిద తీయాలి. పొడిగా ఉంది గదా అని వదిలేస్తాము. కాని బూడిదలో క్షారం ఉంటుంది. తొలకరి పడగానే అది చెమ్మ పీల్చి ఇనుప జల్లెడను తినేస్తుంది, రాగికి చిలుము పట్టిస్తుంది. నడిమి గొట్టంలోని మసిని కూడా గుడ్డ చుట్టిన కర్రతో దులపాలి.

తరువాత నీళ్ళు. చాలా బాయిలర్లకు కుళాయి అడుగుకంటె కాస్త పైన ఉంటుంది. కుళాయి తిప్పితే అన్నీ పోవు. అడుగున మడ్డి మిగులుతుంది. ఇద్దరు పట్టి బోర్లించవలసిందే.

ఇక సున్నపు పెచ్చు సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి మన ఊళ్ళకు కాలువనీళ్ళు అలవాటు. అవి మెత్తని నీళ్ళు. కాలువలు కట్టేసిన రోజుల్లోనూ, కాలువ అందని చోట్లా నూతినీళ్ళో, బోరునీళ్ళో పోస్తాము. పప్పు ఉడకని, సబ్బు నురగరాని నీళ్ళయితే, అందులోని సున్నం కాగినకొద్దీ గొట్టం చుట్టూ తెల్లగా పేరుతుంది. పెచ్చు మందమైనకొద్దీ డొక్కలు ఎక్కువ కాలతాయి, నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి. రాత్రి చింతపండు పులుసో, నిమ్మరసమో కలిపిన నీళ్ళు నింపి ఉంచి, తెల్లవారి కొబ్బరిపీచుతో తోమితే చాలా మటుకు ఊడుతుంది. ఆ నీళ్ళలో రాగి దిగుతుంది గనుక పారబోయాలి. ఉలితో కొట్టవద్దు. స్నానాలగది కడిగే యాసిడ్ అసలే వద్దు. పెచ్చుతోపాటు కళాయినీ, మాటునూ తింటుంది. లోపల కళాయి ఉంటే ఇసుకతో రుద్దకూడదు.

కుళాయి బిరడా బిగుసుకొంటే తీసి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి.

చివరకు మంచినీళ్ళు నింపి, పొడి ఇటుకలమీద ఒక పూట నిలబెట్టండి. అతుకుల వెంట సుద్ద రాస్తే, కారేచోట తడిగీత కనబడుతుంది. గొట్టంలోంచి జల్లెడమీద చుక్క పడితే కన్నం గొట్టానిదే. మాటు ఇప్పుడే వేయించాలి. దీపావళి ముందు రోజు మాటు వేసే మనిషికోసం వీధులు తిరిగి లాభం లేదు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరం తణుకు దగ్గరే గనుక ఆ ప్రాంతంవారికి ఈ చింత తక్కువ.

నీళ్ళు వంపి, రెండు రోజులు ఎండబెట్టి, మూత తీసి, కుళాయి తెరచి, బోర్లించి దాచండి. మా ఇంట ఇప్పుడు జల్లెడలో ఒక ఖాళీ చెంబు పెడుతున్నాము. ముట్టించబోయేవారి చేతికి ముందు ఆ చెంబే తగులుతుంది.