మేనరికం – గోత్రం చూడని సంగతి

మొన్న ఒక శనివారం కమ్మింగ్‌లో మా ఇంట్లో భోజనాలయ్యాక ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచాడు. అతని తమ్ముడికి మేనమామ కూతుర్ని చేసుకోమని గుంటూరు నుంచి అమ్మగారు వారం వారం ఫోను చేస్తున్నారట. "గోత్రాలు వేరు, జాతకాలు కలిశాయి, పిల్ల మా కళ్ళముందు పెరిగిందే. నువ్వు డాక్టరువి కదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. నిలబడి చెప్పే మాట కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

నేనూ మేనరికానికి పుట్టినవాణ్ణే. మా అమ్మ మా నాన్నకు మేనమామ కూతురు. అందులోని సుఖం నాకు తెలుసు. కోడలు వెళ్ళేది కొత్త ఇంటికి కాదు, మేనత్త ఇంటికి. ఆస్తి చీలదు, కట్నాల పేచీ తక్కువ.

మా పిన్నిని ఆమె మేనమామకే ఇచ్చారు. వాళ్ళ పెద్దవాడికి పుట్టుచెవుడు. కడుపుతో ఉండి గ్రహణంనాడు బయట తిరిగిందని పిన్నిని ఏళ్ళ తరబడి ఆడిపోసుకున్నారు. పుట్టుచెవుడుకు కారణాలు చాలా ఉన్నాయి. మేనరికాల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. వాడి విషయంలో కారణం ఇదేనని తేల్చి చెప్పలేను గాని, గ్రహణం మాత్రం కాదు.

గోత్రం తండ్రి వైపే చూస్తుంది. జన్యువులు ఇద్దరి నుంచీ వస్తాయి. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. ఇలాంటి జబ్బుల్లో లోపమున్న జన్యువు ఒకటే ఉంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వస్తే బిడ్డకు జబ్బు వస్తుంది. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టులోపాలతో పుడతారు. మేనత్త మేనమామ బిడ్డలు చేసుకుంటే అది దాదాపు రెట్టింపు. అంటే నూటికి తొంభై మందికి పైగా బాగానే పుడతారు. తరతరాలుగా మేనరికాలే జరిగిన ఇంట్లో ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

మేనరికం లేనివారు నిశ్చింతగా ఉండనక్కరలేదు. కులంలోనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల కూడా కొన్ని లోపాలు పేరుకుంటాయి. మన వైశ్యులలో కొందరికి మత్తుమందుతో ఇచ్చే సక్సినైల్‌కోలిన్ కొద్ది నిమిషాలలో దిగవలసింది గంటల తరబడి దిగదు. అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో దక్షిణాసియా కులాల మీద వచ్చిన పరిశోధనలోనూ దీని ప్రస్తావన ఉంది. ఏ కులానికి ఆ కులపు లోపాలుంటాయి. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు.

ఇక చట్టం సంగతి. 1955 హిందూ వివాహ చట్టం దగ్గర సంబంధాలను నిషేధిస్తూనే ఆచారం ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. మన జార్జియాలో మేనమామ మేనకోడలి పెళ్ళి చెల్లదు. మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళికి అడ్డు లేదు.

కనుక సంబంధం చూసేటప్పుడు జాతకంతో పాటు ఇవీ అడగండి: రెండు వైపులా పుట్టుచెవుడు, చిన్నతనపు మరణాలు, ఆపరేషన్లో మత్తు దిగకపోవడం వంటివి ఉన్నాయా? అడిగితే సంబంధం చెడుతుందన్న భయంతో ఇళ్ళలో దాస్తారు. దాచిన జబ్బు బిడ్డలో బయటపడితే ఆ నింద తల్లి మీద పడుతుంది. వధూవరులిద్దరికీ రక్తపరీక్ష చేయించి, జన్యు సలహాదారును కలిస్తే చాలావరకు ముందే తెలుస్తుంది.

మిత్రుడికీ ఇదే చెప్పి తమ్ముణ్ణి పంపమన్నాను. "గుంటూరులో ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?" అన్నాను. అడగలేదట. ముందు ఆ ఫోను చేయమన్నాను.