కార్డు గాల్లో తేలుతోందేం?

అరకు కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టు నీడ చూశారా? కాండం మొదట్లో గీత గీసినట్టుంటుంది, పైకొమ్మల దగ్గరికొచ్చేసరికి అలుక్కుపోతుంది. ఎందుకు? సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. వస్తువు నేలకు దూరమయ్యేకొద్దీ నీడ అంచు మసకబారుతుంది.

ఫోటోషాప్‌లో కాఫీ దుకాణం విజిటింగ్ కార్డు నమూనా చేసేటప్పుడూ అంతే. కార్డు కింద రెండు నీడ లేయర్లు, రెండూ మల్టిప్లై మోడ్‌లో. ఒకటి అంచుకు ఆనుకుని సన్నగా, ముదురుగా. రెండోది వెలుగుకు ఎదురు దిక్కుకు జరిపి, గాసియన్ బ్లర్ పెంచి, ఒపాసిటీ తగ్గించాలి. మొదటిది మరిచారో, కార్డు గాల్లో తేలుతుంది! అచ్చ నలుపు వద్దు, మసి పూసినట్టుంటుంది. ఎండలో పడే నీడలో కాస్త నీలం ఉంటుంది. అది ఆకాశం పంచిన వెలుగు. పక్కన కాఫీ గింజలు పెడితే వాటి నీడలూ కార్డు నీడ పడిన దిక్కుకే పడాలి.