ఆక్సొలాటల్: నీటి ఆరోగ్యమే దాని ఆరోగ్యము

మెక్సికో దేశపు రాజధానీ నగరమునకు దక్షిణమున సోచిమిల్కో అను ప్రాంతము కలదు. పూర్వమచ్చట విశాలమైన సరస్సు ఉండెడిది. నేడు కాలువలు మాత్రమే మిగిలినవి. ఆ చల్లని నీరే ఆక్సొలాటల్ అను ఉభయచరమునకు పుట్టినిల్లు. స్వస్థలమున ఇది అంతరించు అపాయములోనున్నది. ప్రయోగశాలలలోను, ఇండ్లలోని గాజుతొట్లలోను మాత్రము విస్తారముగా పెరుగుచున్నది.

తోకకప్ప పెరిగి, మొప్పలు పోగొట్టుకొని, కప్పయై గట్టుకెక్కునని విద్యార్థులు చదివియుందురు. ఆక్సొలాటల్ సాధారణముగా అట్లు మారదు. గ్రుడ్లు పెట్టు వయసు వచ్చినను, తలకు ఇరుప్రక్కల మూడేసి కుచ్చుల వంటి మొప్పలతో జీవితాంతము నీటిలోనే ఉండును. 1864లో పారిస్ నగరమునకు తెచ్చిన వాని సంతానములో కొన్ని మరుసటి యేడు మొప్పలు విడిచి నేలమీది ప్రాణులుగా మారగా శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి. తెగిన కాలు తిరిగి మొలచుట దీని మరియొక విశేషము.

ఇంతటి శక్తి గలదయ్యును ఇది చెడునీటిని సహింపలేదు. నీటిలోని విషము పలుచని చర్మము ద్వారా, మొప్పల ద్వారా నేరుగా దేహములో ప్రవేశించును. కావున దీనిని పెంచుటయనగా ముందుగా నీటిని కాపాడుటయే.

మొదటిది చల్లదనము. నీటి ఉష్ణోగ్రత 16 మొదలు 18 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఉండుట మేలు. 24 డిగ్రీలు దాటిన యెడల ప్రాణి క్రుంగి, మేత మాని, రోగములకు లోనగును. నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువును తగ్గును.

రెండవది శుభ్రత. నీరు తేటగా కనబడినంత మాత్రమున మంచిదని తలపరాదు. ప్రాణి విసర్జించిన మలినము నుండియు, మిగిలిన మేత నుండియు అమోనియా పుట్టును. అది విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని అంతగా హానిచేయని నైట్రేటుగా మార్చును. ఈ సూక్ష్మజీవులు వడపోత యంత్రములోని స్పంజిపై స్థిరపడుటకు నెల లేక రెండు నెలలు పట్టవచ్చును. అందుచేత తొట్టిని ముందుగా సిద్ధపరచి, పరీక్షలో అమోనియా, నైట్రైటు రెండును సున్న అని తేలిన పిమ్మటనే ప్రాణిని తేవలెను. తరువాత వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చవలెను. క్రొత్తగా పోయు కొళాయి నీటినుండి క్లోరినును తప్పక తొలగించవలెను. స్పంజిని కొళాయి క్రింద కడిగినచో ఉపకారము చేయు సూక్ష్మజీవులు నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండవలెను.

ఒక ప్రాణికి కనీసము 75 లీటర్ల తొట్టి కావలెను. ప్రవాహము మెల్లగా ఉండవలెను. అడుగున సన్నని ఇసుక చాలును. గులకరాళ్ళు వేసిన యెడల మేతతోబాటు మ్రింగి, ప్రేవులకు అడ్డుపడి చనిపోవచ్చును. చేపలను తోడుగా ఉంచరాదు. అవి మొప్పలను కొరుకును. వానపాములు శ్రేష్ఠమైన ఆహారము. పెద్దవానికి వారమునకు రెండు మూడు పర్యాయములు మేత పెట్టిన చాలును.

మొప్పలు ముందుకు వంగుట, తోక చివర ముడుచుకొనుట, దూదిపింజె వంటి తెల్లని బూజు పట్టుట అనారోగ్య లక్షణములు. అట్టి సమయమున తోచిన మందులు పోయక, మొదట నీటిని పరీక్షింపవలెను.

ఇక తలిదండ్రులకొక మాట. ఈ ప్రాణి పది పదునైదు సంవత్సరములు బ్రతుకును. నేడు ఆరవ తరగతి చదువు పిల్లవాడు కళాశాల విడుచునాటికిని దానికి సేవ చేయవలసి యుండును. మన దేశమున 2022లో సవరింపబడిన వన్యప్రాణి చట్టము ననుసరించి ఇట్టి విదేశీ జంతువులను ప్రభుత్వమువద్ద నమోదు చేయించుట విధి. కొనుటకు ముందు మే నెలలో ఒక మధ్యాహ్నము బకెట్టెడు నీరు ఇంటిలో నుంచి, ఉష్ణమాపకముతో కొలిచి చూడుడు. ఆ నీటిని రేయింబవళ్ళు 18 డిగ్రీలకు చల్లబరచు యంత్రము సమకూర్చగలిగిననే దీనిని పెంచుడు. లేనిచో పుస్తకములలో చూచి ఆనందించుటయే ఆ మూగప్రాణికి మనము చేయగల మేలు.