కార్డు నంబరుకు తాళం: దాచకపోవడమే అసలు రక్షణ

ముంబయి: కిరాణా సరకులు మొదలుకొని రైలు టికెట్ల వరకు సెల్‌ఫోన్‌లోనే కొంటున్న మన దేశంలో, వినియోగదారుడు యాప్‌లో నమోదు చేసిన కార్డు నంబరు ఆపై ఎవరి అధీనంలో ఉంటుందన్నది చాలాకాలం ఎవరికీ పట్టని ప్రశ్నగానే ఉండిపోయింది. 2022 అక్టోబరు 1 నుంచి భారతీయ రిజర్వు బ్యాంకు అమలులోకి తెచ్చిన నిబంధన దీనికి సూటిగా సమాధానం చెప్పింది. కార్డు జారీచేసిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కులు మినహా చెల్లింపుల గొలుసులో మరెవ్వరూ కార్డు వివరాలను భద్రపరచరాదన్నది దాని సారాంశం.

అంతకుముందు, మరుసటి కొనుగోలు సులభమవుతుందన్న పేరుతో వ్యాపార సంస్థలు కార్డు నంబర్లను తమ కంప్యూటర్లలో పోగుచేసుకునేవి. పది యాప్‌లలో కొన్న వ్యక్తి కార్డు నంబరు పది చోట్ల ఉండేది. వాటిలో ఒక్కచోట కన్నం పడినా మిగిలిన తొమ్మిది సంస్థల జాగ్రత్త అక్కరకు రాదు. ఈ నిషేధాన్ని రిజర్వు బ్యాంకు 2020 మార్చిలోనే ప్రకటించినప్పటికీ, గడువు పలుమార్లు పొడిగించవలసి రావడం గమనార్హం.

ప్రస్తుతం కార్డు నంబరు స్థానంలో 'టోకెన్' అనే మారు సంఖ్య పనిచేస్తోంది. వినియోగదారుడి సమ్మతితో, అదనపు ధ్రువీకరణ జరిగిన తర్వాతే ఇది జారీ అవుతుంది. ఒక వ్యాపార సంస్థకు ఇచ్చిన టోకెన్ మరో సంస్థ వద్ద చెల్లదు కనుక, దొంగిలించినవాడికి దానివల్ల ఒరిగేది స్వల్పమే. లావాదేవీల గుర్తింపు కోసం కార్డులోని చివరి 4 అంకెలను మాత్రం వ్యాపారులు ఉంచుకోవచ్చు.

అయితే అన్ని వివరాలకూ ఈ ఉపాయం వర్తించదు. చిరునామా, వైద్య పరీక్షల నివేదికలు, గుర్తింపు పత్రాల నకళ్లు వంటివి యాప్‌లు ఏదో ఒక రూపంలో దాచక తప్పదు. వాటిని సంకేత భాషలోకి మార్చి భద్రపరచడం ఆనవాయితీ. చిక్కంతా ఆ సంకేతాన్ని విప్పే 'తాళంచెవి'తోనే వస్తోంది. దానిని యాప్ ప్రోగ్రాములోనే రాసిపెట్టడం ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికి తగిలించడం వంటిదే. ఆండ్రాయిడ్‌లో కీస్టోర్, ఐఫోన్‌లో కీచెయిన్ అనే ప్రత్యేక ఏర్పాట్లు ఇందుకోసమే ఉన్నాయి. ఇక పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్లుగా దాచనవసరమే లేదు. తిరిగి రాబట్టడానికి వీలులేని గణిత రూపంలో ఉంచి, సరిపోల్చుకుంటే చాలు. యూపీఐ పిన్ కూడా యాప్‌లో నిల్వ ఉండదు. అది సంకేత రూపంలో బ్యాంకుకు చేరి అక్కడే ధ్రువీకరణ పొందుతుంది.

ఇదిలా ఉండగా, చట్టం ఈ దిశగా నెమ్మదిగానే అడుగులు వేసింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. సముచితమైన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే అధికారం ఈ చట్టం కింద ఉంది.

కాగా, ఆ జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి జమ అవుతుందే తప్ప బాధితుడికి చేరదు. నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే సమాచార సాంకేతిక చట్టంలోని 43ఏ సెక్షనును తొలగించే ఏర్పాటు సైతం కొత్త చట్టంలో ఉంది. సంస్థలకు భయం పెరిగినా, సామాన్యుడి నష్టాన్ని ఎవరు పూడుస్తారన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఈ పరిస్థితిలో కార్డు నిబంధన నేర్పిన పాఠమే శిరోధార్యం. అవసరం లేని సమాచారాన్ని సంస్థ అడగకూడదు, అడిగినా వినియోగదారుడు ఇవ్వకూడదు. పెట్టెలో సొమ్మే లేనప్పుడు దొంగ తాళం పగలగొట్టినా చేతికి చిక్కేది శూన్యమే.