చల్లని నదిలో మురుగునీరు: ఎగువ గంగా లోయలో పట్టణ వ్యర్థ జలాల శుద్ధి

అలకనంద, భాగీరథి నదులు దేవప్రయాగ వద్ద సంగమించి, గంగగా రిషికేశ్, హరిద్వార్ మీదుగా మైదానంలోకి ప్రవేశిస్తాయి. ఈ లోయలోని పట్టణాలకు నదీతీరమే నివాసస్థలం, స్నానఘట్టం, మురుగునీటి చివరి గమ్యం కూడా. 2014లో ఆమోదం పొందిన నమామి గంగే కార్యక్రమం కింద ఇక్కడ పలు శుద్ధి కేంద్రాలు నిర్మితమయ్యాయి. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన వాటిలో హరిద్వార్‌లోని జగ్జీత్‌పూర్ (రోజుకు 6.8 కోట్ల లీటర్లు), రిషికేశ్‌లోని లక్కడ్‌ఘాట్ (2.6 కోట్ల లీటర్లు), బద్రీనాథ్ (10 లక్షల లీటర్లు) కేంద్రాలు ఉన్నాయి. వేగంగా, చల్లగా ప్రవహించే పర్వత నది మురుగును తానే శుభ్రపరచుకుంటుందన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. అందులో సగమే నిజం.

చల్లదనం వల్ల మేలు, కీడు

సముద్రమట్టం వద్ద 30 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 10 డిగ్రీల వద్ద ఇది 11.3 మిల్లీగ్రాములు. ఎత్తు పెరిగేకొద్దీ వాయుపీడనం తగ్గి ఈ పరిమాణం కొంత తగ్గినప్పటికీ, రాళ్ల మీదుగా దూకే ప్రవాహం గాలి నుండి ఆక్సిజన్‌ను నిరంతరం గ్రహిస్తుంది. అయితే అదే చల్లదనం మల సంబంధ బాక్టీరియాను ఎక్కువ కాలం సజీవంగా ఉంచుతుంది. వేగమైన ప్రవాహం వాటిని నశించేలోగా దిగువ స్నానఘట్టాలకు చేరుస్తుంది.

స్నానయోగ్యమైన నదీజలంలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బి.ఓ.డి.) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, మల కోలిఫాం సంఖ్య 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం వాంఛనీయం, 2,500 గరిష్ఠ పరిమితి. పర్వత నది మొదటి రెండు పరీక్షలలో నెగ్గి మూడవ దానిలో విఫలం కావచ్చు. కాబట్టి బి.ఓ.డి. ఒక్కదానినే చూసి నీరు సురక్షితమని నిర్ధారించరాదు.

శుద్ధి కేంద్రంలో చలి ప్రభావం

శుద్ధి ట్యాంకులలో సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసేవి సూక్ష్మజీవులే. నీటి ఉష్ణోగ్రత 20 నుండి 10 డిగ్రీలకు పడిపోతే విచ్ఛిన్నమయ్యే వేగం సుమారు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా చలికి మరింత సున్నితమైనవి. అవి మందగించినప్పుడు మిగిలిపోయిన అమ్మోనియా, క్రిమిసంహరణకు వేసే క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. వీటి క్రిమిసంహారక శక్తి స్వేచ్ఛా క్లోరిన్ కంటే చాలా తక్కువ. నీటిలో మిగిలిన ఘనకణాలు కూడా బాక్టీరియాకు రక్షణ కల్పిస్తాయి. ఈ విధంగా జీవసంబంధ శుద్ధిలోని లోపం చివరి దశలో కోలిఫాం రూపంలో బయటపడుతుంది. శీతాకాలంలో హిమాలయ నదుల ప్రవాహం కూడా కనిష్ఠ స్థాయికి చేరుతుంది. శుద్ధి బలహీనపడిన కాలంలోనే మురుగును పలుచన చేసే నీరు తగ్గడం ఈ ప్రాంతపు అసలు సమస్య.

యాత్రాకాలం, స్థలాభావం

సుమారు 3,100 మీటర్ల ఎత్తులోని బద్రీనాథ్ ఆలయం ఏడాదిలో దాదాపు ఆరు నెలలు మూసి ఉంటుంది. యాత్ర మొదలవగానే మురుగు ఒక్కసారిగా పెరుగుతుంది, కాని ట్యాంకులలో సూక్ష్మజీవుల సమూహం వృద్ధి చెందడానికి వారాలు పడుతుంది. పనిచేస్తున్న మరొక కేంద్రం నుండి క్రియాశీల బురదను తెచ్చి ముందుగానే కలపడం దీనికి పరిష్కారం. చదునైన స్థలం కొరత మరొక ఇబ్బంది. అందుకే రిషికేశ్ సమీపంలోని చంద్రేశ్వర్ నగర్‌లో రోజుకు 75 లక్షల లీటర్ల కేంద్రాన్ని నాలుగు అంతస్తులుగా నిర్మించారు. మురుగు వాలువెంట పారడానికి అనువుగా కేంద్రాలను నది ఒడ్డున కడతారు. వరద ముప్పు, తడి పరిసరాలలో విద్యుత్ ప్రమాదం వాటిని వెన్నంటి ఉంటాయి. 2023 జూలై 19న చమోలీలో అలకనంద ఒడ్డున ఉన్న శుద్ధి కేంద్రం వద్ద విద్యుదాఘాతంతో 16 మంది మరణించారు.

సేద్యంలో వినియోగం

శుద్ధి చేసిన నీటిని నదిలో వదలడానికి బదులు పొలాలకు మళ్లిస్తే స్నానఘట్టాలపై భారం తగ్గుతుంది, నత్రజని, భాస్వరం పైరుకు అందుతాయి. పచ్చిగా తినే పంటలకు వాడే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1,000కి మించి మల కోలిఫాం, లీటరుకు ఒకటికి మించి నులిపురుగు గుడ్లు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది. నులిపురుగు గుడ్లు బరువైనవి కనుక ఎక్కువగా బురదలోకి దిగుతాయి. చల్లని, తేమగల నేలలో నెలల తరబడి జీవిస్తాయి. అందువల్ల పచ్చి బురదను కూరగాయల మడులలో వేయరాదు. కంపోస్టు కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలకు చేరి, తిరగవేతల మధ్య 15 రోజులు నిలవాలి. చలి ప్రాంతంలో కుప్పను పెద్దదిగా వేసి పైన గడ్డి కప్పకపోతే ఈ వేడి నిలవదు.

హైదరాబాద్ దిగువన మూసీ నీటితో పశుగ్రాసం, వరి పండించే రైతులకు ఎండ, వేడి కొంత సహజ రక్షణ కల్పిస్తాయి. అక్కడ చివరి తడికీ కోతకూ మధ్య పాటించే విరామం పర్వత లోయలో సరిపోదు.

ముగింపు

పర్వత నదీ ప్రాంతంలో శుద్ధి కేంద్రపు పనితీరును శీతాకాలపు కోలిఫాం సంఖ్యతో, యాత్రాకాలపు తొలివారాల ఫలితాలతో అంచనా వేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ నీటిని సిఫారసు చేసే ముందు ఆ రెండు కాలాల పరీక్షా ఫలితాలను పరిశీలించి, అవి లభించనప్పుడు పశుగ్రాసం, కలప చెట్ల పెంపకానికే వినియోగాన్ని పరిమితం చేయడం శ్రేయస్కరం.